వాగు ఒడ్డున రాజు

హోల్మ్‌గేర్‌కు మొదటి వాక్యం దొరకలేదు.

పారిస్‌లో ఏడేళ్ళు చదువుకుని వచ్చినవాడు. నిద్రలో మాట్లాడినా లాటిన్‌లో తప్పు దొర్లనివాడు. అలాంటివాడికి మఠాధిపతి స్వీడన్ రాజ్య చరిత్ర రాసే పని అప్పగించాడు. చలికాలమంతా రాశాడు. రాసిందల్లా చాకుతో గీకేశాడు. గీకీ గీకీ తోలుపత్రం పల్చబడిపోయింది గాని చరిత్ర మాత్రం కదల్లేదు.

ఇది సుమారు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట. ఆ మఠం వెట్టర్న్ అనే పెద్ద సరస్సు దగ్గర ఉండేది. సరస్సు అంత పెద్దది గనక అవతలి ఒడ్డు ఒకరోజు కనిపించేది, ఒకరోజు కనిపించేది కాదు. హోల్మ్‌గేర్‌కు అక్షరాలు దిద్దించిన గురువు బోత్విద్ అక్కడే ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. ఇప్పుడు చదువు చెప్పడం మానేసి మఠంలో తేనెటీగలను చూసుకుంటున్నాడు.

వసంతం ముగుస్తున్న రోజుల్లో ఒక ఉదయం శిష్యుడు తేనెతుట్టెల దగ్గరికి వెళ్ళాడు.

"గురువుగారూ, ఈ రాజ్యానికి చరిత్ర లేదండీ."

"అలాగా?"

"ఫ్రాన్స్ రాజు ఊరేగింపు నేను కళ్ళారా చూశాను. వీధిలో ఆయన వస్తుంటే గాలి వీచిన పంటలా జనం వంగిపోతారు. మరి మన రాజులో? ఒకణ్ణి రైతులు ఎన్నుకున్నారు. ఒకణ్ణి తరిమేశారు. ఒకణ్ణి చంపేశారు. మధ్యమధ్య మంచు కురిసింది. అంతే. ఇందులో రాజ్యం ఎక్కడుందండీ?"

బోత్విద్ చేతి మీద వాలిన తేనెటీగను మెల్లగా ఊదాడు. అది ఎగిరేదాకా చూశాడు.

"కొత్త రాజు దక్షిణానికి వస్తున్నాడట. సరిహద్దు వాగు దాకా రెండు రోజుల నడక. చూసొద్దాం పద."

ఆ దేశంలో ఒక ఆచారం ఉండేది. రాజును ఉత్తరాన ఒక మైదానంలో ఎన్నుకునేవారు. ఎన్నుకున్నది ఒక సీమ వాళ్ళు. మిగతా సీమలూ ఒప్పుకోవాలి కదా? అందుకని కొత్త రాజు గుర్రమెక్కి, సూర్యుడు తిరిగే దిక్కునే, సీమ తర్వాత సీమ చుట్టి రావాలి. ప్రతి సరిహద్దులోనూ ఆ సీమ జనం ఎదురొచ్చి తమ మనుషులను నలుగురిని అతని చేతిలో పెట్టేవారు. ఆ నలుగురూ వెంట ఉన్నంతసేపూ రాజు మీద ఎవరి చెయ్యీ పడదు. వాళ్ళను క్షేమంగా ఇంటికి చేర్చడం రాజు పూచీ. వాళ్ళ కోసం ఆగకుండా తోసుకుపోయిన రాజు ఒకడున్నాడనీ, అతను తిరిగి రాలేదనీ చెప్పుకునేవారు.

హోల్మ్‌గేర్ ఇదంతా చిన్నప్పటినుంచీ విన్నదే. పారిస్‌లో మాత్రం తోటివాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గేసేది.

రెండు రోజులూ అడవిలో నడిచారు. దేవదారు చెట్ల కింద నాచు ఎంత దట్టంగా ఉందంటే వాళ్ళ అడుగుల చప్పుడు వాళ్ళకే వినిపించలేదు. పొద్దు గుంకినా వెలుగు పోలేదు. పాలు కలిపిన నీళ్ళలా అలా ఉండిపోయింది. ఒక చిన్న సరస్సులో దుప్పి ఒకటి మెడదాకా మునిగి నిలబడి, వీళ్ళను చూసి, చూడనట్టు మళ్ళీ కలువ తూళ్ళు నమలసాగింది. ఎక్కడో కోకిల కూసింది. అది ఇప్పటిదో, తాను పుట్టకముందు కూసింది ఇప్పుడు వినిపిస్తోందో హోల్మ్‌గేర్‌కు తెలియలేదు. మూడుసార్లు గురువును ఏదో అడగబోయి, ఏమడగాలో మర్చిపోయాడు.

మూడోనాటి మధ్యాహ్నానికి వాగు చేరారు.

ఇవతలి ఒడ్డున ముప్పై గుర్రాలున్నాయి. రాజు కూడా ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. బుగ్గ మీద దోమకాటు వాచి ఉంది. ఆయన పేరు ఈ కథకు అక్కర్లేదు. పక్కనే ఆయన మేనమామ ఇంగెముండ్, పరివారానికంతటికీ పెద్ద, అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

అవతలి ఒడ్డున ఎవరూ లేరు. వాగు మీంచి పొగమంచు లేస్తోంది. దాని వెనక చెట్లు ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి.

"తెల్లారినప్పటినుంచి నిలబడ్డాం," అన్నాడు ఇంగెముండ్. "పాలు పితుక్కుని, పేడ ఎత్తుకుని, తీరిగ్గా వస్తారు కాబోలు! అంతదాకా రాజు దోమలకు మేతవుతూ ఉండాలా?" అంతలో మఠం దుస్తులు కంటబడ్డాయి. "అదిగో, చదువుకున్నవాళ్ళు వచ్చారు. మీరు చెప్పండయ్యా. రాజు తన రాజ్యంలో అడుగు పెట్టడానికి రైతుల కోసం ఆగాలని ఎక్కడ రాసుంది?"

హోల్మ్‌గేర్ గుండె పొంగింది. తిరిగొచ్చాక అతన్ని ఎవరైనా సలహా అడగడం ఇదే మొదలు.

"ఎక్కడా రాసి లేదండీ," అన్నాడు. "రోమన్ల న్యాయశాస్త్రంలో రాజు ఇష్టమే చట్టం. ఫ్రాన్స్‌లో ఏ రాజూ ఏ వాగు దగ్గరా ఆగడు."

తన గొంతు తనకే తియ్యగా వినిపించింది.

"విన్నావా అల్లుడూ?" అన్నాడు ఇంగెముండ్, మేనల్లుడి వైపు తిరిగి. "ఇక బయల్దేరు."

జీనులు కిర్రుమన్నాయి. నలుగురైదుగురు కత్తుల మీద చెయ్యి వేశారు. అటు నుంచి జనం వచ్చి, రాజు తమ మాట దాటి లోపలికి దూసుకొచ్చాడని చూస్తే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. రాజుకూ తెలుసు. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా రికాబులో కాలు పెట్టాడు.

అప్పటికి బోత్విద్ నేల మీద కూర్చుని జోళ్ళు విప్పుతున్నాడు. విప్పి పక్కపక్కన పెట్టాడు. అంగీ మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని వాగులోకి దిగాడు.

ఎగువన ఎక్కడో మిగిలిన మంచు ఇప్పుడిప్పుడే కరిగి వస్తున్న నీళ్ళు. నడివాగు దాకా వెళ్ళి ఆగాడు. ఇటు తిరిగి నిలబడ్డాడు.

"తప్పుకో, ముసలాయనా!" అరిచాడు ఇంగెముండ్.

"నేనేం అడ్డం కాదు బాబూ. వాగు వెడల్పే. పక్కనించి వెళ్ళండి."

"మరి అక్కడెందుకు నిలబడ్డావు?"

"వాళ్ళు వస్తామన్నారు కదా. వచ్చేటప్పటికి మనలో ఎవరో ఒకరు వాళ్ళ కోసం ఆగి ఉండాలి."

అంగీ అంచు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

నీళ్ళు గాజులా ఉన్నాయి. అందులో ముసలాయన పాదాలు హోల్మ్‌గేర్‌కు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మొదట ఎర్రబడ్డాయి. తర్వాత తెల్లబడ్డాయి. పిక్కలు వణకడం మొదలైంది. ఆ కాళ్ళ మీద కూర్చునే అతను ఒకప్పుడు అక్షరాలు నేర్చుకున్నాడు.

ఇంగెముండ్ గుర్రం నీటి అంచుదాకా వచ్చి నిలిచింది. డొక్కలో మడమ పొడిచినా కదల్లేదు. ఏ గుర్రమూ కదల్లేదు. బహుశా వాటి మీద కూర్చున్న మనుషులు లోపల్లోపల పగ్గం బిగించి ఉంటారు.

హోల్మ్‌గేర్‌కు అర్థమైంది. గురువును ఆ నీళ్ళలోకి దింపింది తన మాట. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ముప్పై మంది ముందు తీసుకోవాలి. పారిస్‌లో ఏడేళ్ళలో ఎవరూ అతనికి ఆ పని నేర్పలేదు.

హోల్మ్‌గేర్ రాజు గుర్రం దగ్గరికి నడిచాడు.

"ప్రభూ, నేను చెప్పింది ఫ్రాన్స్ సంగతి. ఈ వాగు సంగతి నాకు తెలియదు."

రాజు అతని వైపు చూశాడు. ఆ కళ్ళలో కోపం లేదు. ఉదయం నుంచీ ఎవరో ఒకరు ఈ మాట అంటారేమోనని ఎదురుచూసినట్టు ఉంది. రికాబులోంచి కాలు తీశాడు. ఒడ్డున నాచు పట్టిన బండ ఒకటుంది. వెళ్ళి దాని మీద కూర్చున్నాడు.

"మామయ్యా, గుర్రాలకు గడ్డి వేయించు."

ఇంగెముండ్ ఏదో అనబోయాడు. రాజు కూర్చునే ఉన్నాడు. చివరికి జీనులు దించారు.

హోల్మ్‌గేర్ వాగులోకి దిగి గురువు చెయ్యి పట్టుకున్నాడు. చన్నీళ్ళు ఎముకలను కొరికినట్టయింది. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చారు.

ఆ తర్వాత ఎంతసేపయిందో ఎవరూ చెప్పలేరు. ఆ దేశంలో వేసవిరోజుకు అంచులుండవు. గుర్రాలు గడ్డి నమిలాయి. పొగమంచు దగ్గరికి వచ్చి, దూరం జరిగింది. రాజు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కునికాడు. నిద్రలో అతని ముఖం ఏ రైతుబిడ్డ ముఖమైనా కావచ్చు. అందరూ ఒకరి కలలో ఒకరు కూర్చున్నట్టుగా ఉన్నారు.

అప్పుడు అవతల, మంచు వెనకాల, కొమ్ముబూర వినిపించింది.

ముందు గొంతులు వచ్చాయి, తర్వాత మనుషులు. వందమంది దాకా ఉంటారు. వాళ్ళు కూడా ఆయుధాలతోనే వచ్చారు. వాగు ఇవతల గుర్రాలకు జీనులు లేకపోవడం, రాజు బండ మీద కూర్చుని ఉండడం చూశారు. బరిసెలు భుజాల మీంచి ఒక్కొక్కటే కిందికి దిగాయి.

ఒక నడివయసు ఆడమనిషి అందరికంటే ముందు వాగు దాటి వచ్చింది. పేరు రాగ్న్‌ఫ్రీద్. పొలం దున్నే చేతులు. రాజు ఎదుట నిలబడి, ఊళ్ళో పక్కింటివాడితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఆలస్యమైంది. నీతో రావలసిన నలుగురిలో ఒకతనికి జ్వరమొచ్చింది. అతని బదులు మా ఆయన వస్తానన్నాడు. నేను వద్దన్నాను. పొద్దుటినుంచి దాని మీదే గొడవ." తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుంది. "గడ్డి కోతల్లోపు పంపెయ్యి. ఒక్కదాన్నే కొయ్యలేను."

"పంపుతాను," అన్నాడు రాజు.

"నిజంగా పంపుతావా?"

"కోతల్లోపు పంపుతాను అమ్మా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది, సంతలో గొడ్డును కొనేముందు చూసినట్టు. తర్వాత సంచిలోంచి రొట్టె తీసి ఇచ్చింది.

"పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేవు. తిను."

రాజు అక్కడే నిలబడి తిన్నాడు. ఆమె భర్త ముందుకు వచ్చి రాజు గుర్రం పగ్గం పట్టుకున్నాడు. మిగతా ముగ్గురూ చుట్టూ చేరారు. అందరూ కలిసి వాగు దాటారు. అవతలి ఒడ్డుకు చేరేసరికి ఎవరు రైతో, ఎవరు రాజో మంచులో ఆనవాలు పట్టడం కష్టమైపోయింది. కాసేపు గొంతులు వినిపించాయి. తర్వాత అవీ లేవు.

హోల్మ్‌గేర్ గురువు పాదాలను ఒళ్ళో పెట్టుకుని, తన అంగీ అంచుతో రుద్దుతున్నాడు. చాలాసేపటికి వాటిలోకి రంగు తిరిగి వచ్చింది.

"గురువుగారూ, దీన్ని ఎలా రాయమంటారు? యుద్ధం జరగలేదు. పట్టాభిషేకం జరగలేదు. రాజు ఏమీ చెయ్యలేదు."

బోత్విద్ కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"కూర్చున్నాడు కదా నాయనా," అన్నాడు.