ఎలీసమ్మ దొన

"ఈ నీళ్లలో మునిగి లేచినవాళ్లకు ఊరూ పల్లే అనే భేదం ఉండదు, అందరికీ ఒకే బల్ల, ఒకే గిన్నె" అని పూర్వం గరుగుకొండ కింది వాగులో మొదటి బాప్తిస్మాలిచ్చిన మిషనరీ దొరగారు మాట ఇచ్చారు. ఆ మాట నమ్మి, ఊరు అంటరానివాళ్లని దూరంగా పెట్టిన పల్లె పల్లెంతా తడిబట్టలతో ఒడ్డుకెక్కింది. కొంతకాలానికి ఊళ్లోని ఆసాములు కూడా సంఘంలో చేరి, పల్లెవాళ్లు తాగిన గిన్నె ముట్టమని భీష్మించుకోగా, ఆ దొరగారే బల్లమీద రెండో గిన్నె పెట్టించారు. వెండిది ఊరికి, ఇత్తడిది పల్లెకు.

ఆనాడు వాగులో దిగినవాళ్లలో ఒకడైన యాకోబు ముసలితనాన మంచంపట్టి, ఆఖరిసారి ప్రభువు భోజనం కోరుకున్నాడు. ఇత్తడి గిన్నె తెస్తే మాత్రం నోరు తెరవనన్నాడు. "పోయేటప్పుడు కూడా పంతమేందయ్యా నీకు!" అని భార్య ఎలీసమ్మ కసిరిందే గాని, అతన్ని ఎండిన పెదవులతో సాగనంపడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ ఆదివారం గుడిలో పాదిరి అయ్యగారు రెండు గిన్నెలనూ ఆశీర్వదించగానే ఎలీసమ్మ తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, ఇత్తడి గిన్నెలోని ద్రాక్షారసాన్ని వెండి గిన్నెలోకి వంచేసింది.

"ఏం పని చేస్తివే ముసల్దానా!" అని సంఘపెద్ద ఓబుళప్ప అరిచాడు.

"ప్రభువు రక్తంలో ప్రభువు రక్తం కలిపితిని సామీ. ఏది మీదో, ఏది మాదో ఏరుకోండి" అన్నదామె.

ఏరడం ఎవరి తరమూ కాలేదు. ఆశీర్వదించిన రసాన్ని మిగల్చకూడదు, మనుషులు తొక్కే నేలమీద పొయ్యకూడదు అన్నది ఆ సంఘం ఆచారం. తాగుదామంటే ఓబుళప్పకు కులం అడ్డొచ్చింది, అంతా పల్లెకే ఇద్దామంటే పంతం అడ్డొచ్చింది. చివరికి గుడి వెనక ఎవరూ కాలుపెట్టని బండమీద పోయించగా, అది పారి ఒక దొనలో, అంటే రాతిగుంటలో, నిలిచింది. ఎలీసమ్మ అందులో కొంగు తడుపుకొని ఇంటికి పరుగెత్తి, భర్త నోట్లో పిండింది.

"ఏ గిన్నెలోదే?" అని అడిగాడు యాకోబు.

"గిన్నే లేదులేయ్యా, తాగు."

అతను తాగి, తృప్తిగా కన్నుమూశాడు.

మర్నాటి నుంచి ఆ గుంటలో నీరూరసాగిందనీ, ఆ ఏటి కరువులో ఊరూ పల్లే పక్కపక్కనే మోకరించి దోసిళ్లతో తాగాయనీ పెద్దలు చెబుతారు. సంస్కారమంటే పంచుకోవడమనీ, సమానత్వం భిక్ష కాదు, హక్కనీ ఆ బండ నేర్పింది. నడివేసవిలో కూడా ఎండని ఆ దొననూ, దాని అంచున ఎర్రటి చారనూ ఇప్పటికీ చూడవచ్చు. ఈస్టరు మర్నాడు అక్కడ తిరునాళ్ల జరుగుతుంది.

పోయిన తిరునాళ్లకు సంఘపెద్దలు ఆ దొన ఒడ్డున రెండు చెంబులు గొలుసులతో కట్టించారు. ఎందుకు కట్టించారో సెప్టెంబరు పదిహేనో తేదీలోగా, ఆదివారం ఆరాధనలో, అందరి ఎదుటా చెప్పాలని పల్లెవాళ్లం అడుగుతున్నాం.