సింగమనాయుడి నీటిగండం

అనగనగా గోదారి నడిమధ్యన ఒక లంక. చుట్టూ నీళ్లు, మధ్యలో ఊరు. ఆ ఊళ్లో సింగమనాయుడని ఒక మోతుబరి. ఎలాంటి మనిషనుకున్నారు? పులొస్తే బెదరడు, పామొస్తే అదరడు, దొంగలొస్తే ఒక్కడే కర్ర తిప్పుతాడు. నీళ్లంటే మాత్రం నిలువునా వణుకు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెప్పుకోడానికా నేను కూర్చుంది?

ఎందుకంత భయమంటే, ఆయన పురిటిబిడ్డగా ఉన్నప్పుడు సోది చెప్పే ఎరుకలమ్మ వచ్చి, ఈ బిడ్డకి నీటిగండం ఉంది తల్లీ అని చెప్పి పోయిందట. అంతే, వాళ్లమ్మ గుండెల్లో రాయి పడింది. పిల్లాణ్ని రేవుకి పంపితే ఒట్టు! లంకలో పిల్లలంతా ఎండిన సొరకాయ బుర్రలు నడుముకి కట్టుకుని ఈత నేర్చుకుంటుంటే, వీడు అరుగు మీద కూర్చుని చూసేవాడు. పాపం.

పెరిగాడు, పెళ్లయింది, కొడుకు పుట్టాడు. ఆ కొడుక్కీ ఈత నేర్పనివ్వలేదు. వాడి పెళ్లి అవతలి ఒడ్డున. తండ్రయ్యుండి పడవెక్కలేదు! ఇవతలి రేవులో నిలబడి అక్షింతలు గాల్లోకి వేశాడట. నవ్వకండర్రా. ఎవరి భయం వారికే తెలుస్తుంది.

ఆ వచ్చిన కోడలు అచ్చాయమ్మ, మహా గడుసుది. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల. మావయ్యగారూ, గండం నీళ్లలో ఉంటే ఆ నీళ్లనే మచ్చిక చేసుకోవాలండీ అని ఎంతో నచ్చజెప్పింది. వింటేనా? నుదుట రాసింది ఈతొస్తే చెరిగిపోతుందా తల్లీ అనేవాడు. మనవరాలు మంగకి సొరబుర్ర కట్టబోతే అదీ లాక్కుని అటక మీద పారేశాడు. నా రక్తమే కదా, నా గండం దానికీ ఉంటుందన్నాడు. అదీ ప్రేమేనర్రా, కాదని ఎలా అంటాం?

ఒక ఏడు శ్రావణంలో గోదారి పొంగింది. వాకిట్లోకొచ్చింది, వసారాలోకొచ్చింది, వంటింట్లోకొచ్చింది. గట్టు నుంచి పడవొచ్చింది. ముసలీముతకా ఎక్కారు, కొడుకెక్కాడు, నిండు చూలాలు కోడలెక్కింది, మంగెక్కింది. సింగమనాయుడు ఎక్కలేదు. గడ్డిమేటెక్కి కూర్చుని, నా చావు ఆ పడవలోనే ఉంది, నేను రాను, మీరు పొండని కేకలేశాడు. కొడుకు బతిమాలాడు, కోడలు ఏడ్చింది. ఈ గొడవలో మంగ, తాతా రా అంటూ పడవ అంచు మీంచి చేతులు చాచింది. చాచి చాచి దభీమని నీళ్లలో పడింది.

ఇంక గండం లేదు, గిండం లేదు. దూకేశాడర్రా తాత! గుండెల లోతు నీళ్లలో నడిచెళ్లి, కొట్టుకుపోతున్న పిల్లని నెత్తికెత్తుకుని, తెచ్చి కోడలి చేతుల్లో పెట్టాడు. పెట్టాక కాలికింద మట్టి జారింది. పడవవాళ్లు గెడ చాచారు. రెండు బారలు ఈదితే అందేది. ఆ రెండు బారలే ఆయనకి రాలేదు.

ఊ... ఊ కొట్టకపోయినా పర్లేదులే.

వరద తీశాక ఆ ఎరుకలమ్మ కూతురు సోది చెబుతానంటూ వచ్చింది. మీ అమ్మ మాటే నిజమైందే అని అచ్చాయమ్మ గొల్లుమందట. ఆవిడ తెల్లబోయింది. అదేంటమ్మా, మా అమ్మ ఈ లంకలో పుట్టిన ప్రతి బిడ్డకీ నీటిగండమనే చెప్పేది, చుట్టూ నీళ్లుంటే ఇంకేం చెబుతుంది? అది విని అందరూ పిల్లలకి సొరబుర్రలు కట్టారు, మీ ఇంట్లో తలుపు గొళ్లెం పెట్టారు, అంది.

అచ్చాయమ్మ అటక మీది సొరబుర్ర దింపించి, మంగ నడుముకి కట్టి రేవుకి తీసుకెళ్లింది. పొట్టలోవాడు పుట్టి పెద్దయ్యాక వాడికీ కట్టింది. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ మునగలేదు. అందరూ చల్లగా ఉన్నారు.

ఏంటీ, సోది నిజమే అయిందిగా అంటావా? అయింది. దాన్ని నిజం చేసిందెవరో పడుకుని ఆలోచించుకో. నీ జాతకంలోనూ నీటిగండమని మీ నాన్న ఒకటే గాభరా పడుతున్నాడట. పడనీ. నేనూ రెండు సొరబుర్రలు ఎండబెట్టి ఉంచాను. కథ కంచికెళ్లిపోయింది, మనం పొద్దున్నే కాలవకి.