కజ్జలి తప్పుల వయసు

అనగనగా, మబ్బులు ఆకాశంలో కాకుండా ఇంకా నేలమీదే తయారయ్యే కాలంలో, ఒక ఎత్తైన కొండ. ఆ కొండ నెత్తిన ఒక సరస్సు. ఆ సరస్సు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఇవతల ఒక ఈక రాలి నీళ్ళమీద పడితే అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు తలెత్తి చూసేవారు.

ఆ సరస్సే మబ్బుల కార్ఖానా.

దాని అడుగున మంచుపీచు పెరిగేది. చల్లగా, మెత్తగా, పట్టుకుంటే ఉన్నట్టూ లేనట్టూ ఉండేది. పక్షులు మునిగి ఆ పీచును పైకి తెచ్చేవి. ఒడ్డున కూర్చుని, మనం దూది ఏకుతామే, అలా ముక్కులతో ఏకేవి. ఏకగా ఏకగా అది పొంగి, ఇంకా పొంగి, మబ్బయ్యేది. అప్పుడు నాలుగు పక్షులు నాలుగు మూలలా పట్టుకుని ఎగిరి, దాన్ని ఆకాశంలో వదిలేవి. ఆ మబ్బు నిద్రలో నడిచినట్టు మెల్లగా ఏదో ఒక ఊరి మీదికి వెళ్ళి కురిసేది. మీ తాతల తాతలు తాగిన నీళ్ళు అలా వచ్చినవేనర్రా.

ఆ కొండకు రాజు నీలకంధరుడనే నెమలి. మనసు మంచిదే, కాకపోతే కలలు ఎక్కువ. పొద్దస్తమానం ఆకాశం వంక చూస్తూ, ఈ మబ్బు ఏనుగులా ఉంది, ఆ మబ్బు పల్లకీలా ఉంది అనుకుంటూ మురిసిపోయేవాడు. పనివాళ్ళ మంచిచెడ్డలు చూడటానికి ధవళుడనే రాజహంసను పెత్తందారుగా పెట్టి, ఇక ఆ సంగతే మరిచిపోయాడు.

కార్ఖానాలో రెండు రకాల పనివాళ్ళు. హంసలు నీటిపైన తేలుతూ, మెడ అందినంత మేర పీచు లాగేవి. దానితో తెల్లమబ్బులు వచ్చేవి. చూడటానికి ముచ్చటే గానీ అవి కురవవు. అట్టడుక్కి దిగేవి నీటికాకులు. నీటికాకి అంటే కాకి కాదు సుమా. పొడుగాటి మెడ, కొస వంగిన ముక్కు, ఒళ్ళంతా నలుపు. చేపలా మునుగుతుంది. అది తెచ్చిన పీచుతోనే నల్లమబ్బు వచ్చేది. వాన అంతా ఆ మబ్బులోనే.

ఇందులో ఒక చిత్రం ఉంది, వినండి. హంస ఈకకు నూనె ఉంటుంది. నీళ్ళు దానిమీద ముత్యాల్లా జారిపోతాయి. నీటికాకి రెక్కలు అలా కాదు, ఇట్టే తడిసిపోతాయి. తడిసి బరువెక్కుతాయి గనుకనే అది అంత లోతుకి దిగగలదు. కానీ పైకి వచ్చాక రెక్కలు రెండూ చాపి ఎండలో ఆరబెట్టుకోవాలి. ఆరకుండా మళ్ళీ దిగిందా, పైకి రావడం కష్టం. అది బద్ధకం కాదు, వాటి పుట్టుకే అంత.

అందుకే ఈ రాజుగారి తాతగారు, తూర్పుగట్టున ఒక వెడల్పాటి బండను వాటికి ఇచ్చారు. దాన్ని ఎండబండ అనేవారు. మునిగి వచ్చిన నీటికాకి దానిమీద నిలబడి ఆరినంతసేపు ఎవరూ దాన్ని పనికి పిలవకూడదు. అది అక్కడి ఆచారం. పొద్దున్న పూట చూస్తే, నల్లగొడుగులు విప్పి ఆరబెట్టినట్టు, డజను నీటికాకులు కళ్ళు మూసుకుని వరసగా నిలబడి ఉండేవి. వాటి రెక్కల్లోంచి సన్నగా ఆవిరి లేచి గాలిలో కలిసిపోయేది.

ధవళుడికి ఆ దృశ్యం గిట్టేది కాదు. తెల్లటి సరస్సు మధ్యలో ఆ నల్లటి వరస ఏమిటని అతని బాధ. ఒకరోజు పొద్దున్నే అందరినీ పోగేసి, ఇకనుంచి ఎండబండ మీద ఎవరూ నిలబడకూడదని చెప్పాడు. నీటికాకులు గొల్లుమన్నాయి. ధవళుడు మెడ అందంగా వంచి అన్నాడు.

"మా హంసలు ఎప్పుడైనా ఆరబెట్టుకున్నాయా? అందరికీ ఒకటే నియమం. ఇందులో అన్యాయం ఎక్కడుందో చూపించండి."

వినడానికి ఎంత బాగుందో చూశారా ఆ మాట. తడిసేవాడికీ, తడవనివాడికీ ఒకటే నియమమట.

మూడోనాడు మిరియాలయ్య మునిగి పైకి రాలేదు. ఆయన నీటికాకులందరిలోకీ పెద్దవాడు, మాటకారి. తడి రెక్కలతో నాలుగోసారి దిగి, అడుగునే ఉండిపోయాడు. పక్కనే దిగుతున్న కజ్జలి అనే నీటికాకి అది గమనించి, మెడ పట్టుకుని ఆయన్ని ఒడ్డుకి లాగింది. కడుపులోని నీళ్ళన్నీ కక్కాక ఆయన కళ్ళు తెరిచాడు.

"అడుగున మా ముత్తాత కనబడ్డాడే అమ్మాయ్. ఎండబండ ఇంకా ఉందా అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక వెనక్కి వచ్చేశాను."

అందరూ నవ్వారు. కజ్జలికి మాత్రం నవ్వు రాలేదు. తిన్నగా రాజుగారి దగ్గరికే వెళ్ళి చెబుతానంది.

ఈ కజ్జలి పన్నెండు వానాకాలాలుగా అక్కడ పని చేస్తోంది. ఒడ్డున ఉన్న నేరేడుచెట్టు మీద ఆమె గూడు. ఆ చెట్టు కార్ఖానాది. పని ఉంటేనే గూడు, పని పోతే గూడూ పోతుంది. గూట్లో ఇద్దరు పిల్లలు, ఇంకా ఒంటిమీద ఒక్క ఈకైనా రాలేదు. ఎగరలేని పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కడికి పోతావని అందరూ వారించారు. మిరియాలయ్య కూడా గొంతు తగ్గించి, పిల్లలకు ఈకలు రానీ, తర్వాత చూసుకుందాం అన్నాడు.

"ఈకలు వచ్చాక వాళ్ళు దిగాల్సింది ఈ నీళ్ళలోకే కదా బాబాయ్" అంది కజ్జలి.

రాజుగారు ఆ సమయానికి ఒక తెల్లమబ్బులో తామరపువ్వును చూస్తున్నారు. కజ్జలి చెప్పిందంతా విన్నారు, వినలేదని కాదు. ఒక చెవితో విన్నారు. పాపం ఎంత కష్టం వచ్చింది, చెప్పి మంచిపని చేశావు, ఇవన్నీ చూసేది ధవళుడే గదా, అతనికి చెబుతాను, అతను చూసుకుంటాడు అన్నారు. అని, కజ్జలి అనే నీటికాకికి ఏదో ఇబ్బందిట, కనుక్కో అని ధవళుడికే కబురు పెట్టారు.

ఎవరిమీద మొర పెట్టుకుందో వాడికే ఆ మొర అప్పజెప్పారన్నమాట. పెద్దవాళ్ళు కలల్లో ఉంటే ఇలాగే జరుగుతుంది.

ధవళుడు కజ్జలిని పిలిపించి ఒక్క కటువు మాట అనలేదు. తిన్నావా అని అడిగాడు. పిల్లలు కులాసాగా ఉన్నారా అని అడిగాడు.

"నీ సంగతి నేను చూస్తానుగా అమ్మా" అన్నాడు.

చూశాడు.

మర్నాడు ఆమెను ఉత్తరపు మూలకి మార్చాడు. అక్కడ కొండచరియ నీడ పడుతుంది. ఎండ అనేది అటు తొంగి చూడదు. నీలాంటి పనిమంతురాలి అవసరం అక్కడే ఉంది అన్నాడు. ఆ చీకటి నీళ్ళలో దిగి వచ్చాక, మధ్యాహ్నమైనా ఆమె రెక్కల తడి ఆరేది కాదు. దానికి నిదానస్తురాలు అని పేరు పెట్టాడు. అది మొదటి తప్పు.

నాలుగు రోజులకు, కజ్జలితో కలిసి ఎవరూ మబ్బు ఎత్తకూడదని చాటించాడు. నాలుగు మూలలకు నాలుగు పక్షులు కావాలి కదా. ఒక్కతే ఎలా ఎత్తుతుంది? ఏకిన పీచంతా ఒడ్డునే ఉండిపోయి కరిగి, ఇసుకలోకి ఇంకిపోయేది. దానికి పని చేతకానిది అని పేరు పెట్టాడు. అది రెండో తప్పు. పక్కన కూర్చుని ఏకే నేస్తాలు కూడా ఆమెను చూసి మెడ తిప్పుకోవడం మొదలుపెట్టారు. మిరియాలయ్య దూరం నుంచి చూసి, చూడనట్టు నీళ్ళలోకి దిగిపోయేవాడు. ఆయన గూడూ ఆ నేరేడుచెట్టు మీదే మరి.

ఇంకో నాలుగు రోజులకు, కజ్జలి కోపంతో పక్కవాళ్ళు ఏకిన ఒక వానమబ్బును చింపేసిందని చెప్పాడు. అది మూడో తప్పు. ఇక ఆమె పనికి రాదు, పున్నమిలోగా గూడు ఖాళీ చేయాలి అన్నాడు.

రాజుగారికి మొర పెట్టుకున్నావు గనుక పొమ్మని ఎక్కడా అనలేదు, గమనించారా? ఆ మాటే రాలేదు. అన్నీ తప్పులే.

ఆ పూట కజ్జలి గూట్లో కూర్చుని పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుంది. ఆ రెక్కలు తడిగానే ఉన్నాయి. చిన్నది అడిగిందిట, అమ్మా, మబ్బుకి గూడు ఉండదా అని. ఉండదమ్మా, అందుకే అది అలా తిరుగుతూ ఉంటుంది అని చెప్పింది. అయితే మనం కూడా మబ్బులమేనా అంది చిన్నది. కజ్జలి దాని తల నిమిరింది. సరస్సు మీద తెల్లటి పొగమంచు మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. లోకమంతా ఎవరిదో కలలా ఉంది.

ఆ కొండమీద ఇంకొక ఆచారం ఉంది. ఎవరి గూడైనా ఖాళీ చేయించాలంటే, వాళ్ళ తప్పులను రాజుగారి ముందు అందరూ వినేలా చెప్పాలి. పున్నమి నాటి ఉదయం ఒడ్డున సభ కూడింది. హంసలు ఒకవైపు, నీటికాకులు ఒకవైపు. ధవళుడు మధురంగా, తొందర లేకుండా, మూడు తప్పులూ చెప్పాడు. నిదానం, చేతకానితనం, మబ్బు చింపడం. రాజుగారు నిట్టూర్చి, ఏమ్మా, వీటికి ఏమంటావు అని అడిగారు.

కజ్జలి ముందుకు వచ్చింది. అరవలేదు, ఏడవలేదు.

"ఏమీ అనను మహారాజా. ఆ తప్పుల వయసు ఒక్కటి కనుక్కోండి చాలు."

తప్పులకు వయసేమిటని హంసలు కిసుక్కుమన్నాయి. రాజుగారు మాత్రం నవ్వలేదు. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ధవళుడి వైపు తిరిగి, మొదటి తప్పు ఎప్పటిది అని అడిగారు. పదిరోజులైంది అన్నాడు ధవళుడు. రెండోది? ఆరు రోజులు. మూడోది? రెండు రోజులు. మరి అంతకుముందు పన్నెండు వానాకాలాల్లో ఏ తప్పూ లేదా అని అడిగారు. ధవళుడు మెడ అటు వంచాడు, ఇటు వంచాడు. అప్పుడు గమనించలేదు ప్రభూ అన్నాడు.

"నేను తమ దగ్గరికి వచ్చి పదకొండు రోజులు" అంది కజ్జలి. "నా తప్పులన్నీ నా మొర తర్వాత పుట్టినవే."

రాజుగారు మొట్టమొదటిసారి ఆకాశం మీంచి కళ్ళు దించి, ఎదురుగా ఉన్నదాన్ని చూశారు. ఆమె రెక్కల కొసల నుంచి ఇంకా బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి. ఆమె మొరను తానే ఎవరి చేతిలో పెట్టారో గుర్తొచ్చి, ఆయన పింఛం నేలకి వాలిపోయింది.

మబ్బు చింపడం ఎవరైనా చూశారా అని అడిగారు. చూశామని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, చూడలేదని చెప్పడానికి ధైర్యం రాలేదు. ధవళుడు నీటికాకుల వరసను ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

చివరి నుంచి మిరియాలయ్య కదిలాడు. తడి రెక్కలతో ఎగరలేక, ఆ ముసలాయన అంతదూరమూ తపతపమని నడిచే వచ్చాడు.

"ఆ మబ్బు చిరగలేదు మహారాజా. ఒక మూల నేను పట్టుకునే పైకి మోశాను. ఈ పిల్ల నన్ను నీళ్ళలోంచి లాగింది. నేను మాత్రం నా గూడు కోసం ఇన్నాళ్ళూ నోట్లో పీచు కుక్కుకున్నాను. కావలిస్తే నా గూడూ తీసేయండి."

ఆ ఒక్క గొంతు లేచాక మిగతావి ఆగలేదు. మిగతా మూడు మూలలు పట్టుకున్నవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో ఒకరు హంస. అవును, మబ్బు నిండుగా వెళ్ళింది, మేం చూశాం అన్నారు.

రాజుగారు ధవళుణ్ణి ఒక్కసారి అడుక్కి దిగి పీచు తెమ్మన్నారు. పాపం ధవళుడు మునగాలనే చూశాడు. మునగదే. తల నీళ్ళలో, తోక ఆకాశంలో, కాళ్ళు గాలిలో. నీటికాకి పిల్లలు చెట్టుమీంచి విరగబడి నవ్వాయి.

"ఎప్పుడూ తడవనివాడివి, తడిసినవాళ్ళు ఎంతసేపట్లో ఆరాలో నువ్వెలా చెబుతావయ్యా" అన్నారు రాజుగారు.

ధవళుడి పెత్తనం ఆ పూటతో పోయింది. గూడు మాత్రం తీయలేదు, అతనికీ పిల్లలున్నారు గదా. మిగతా హంసలతో కలిసి పీచు లాగమన్నారు. ఎండబండ మళ్ళీ నీటికాకులకు వచ్చింది. రాజుగారు తన తప్పు తానే అందరి ముందూ ఒప్పుకున్నారు. ఇకమీదట ఎవరిమీద మొర వస్తే వాళ్ళ చేతికి ఆ మొర వెళ్ళకూడదనీ, మొర పెట్టుకున్నవాళ్ళ గూటి జోలికి ఎవరూ పోకూడదనీ చాటించారు. కజ్జలి గూడు నేరేడుచెట్టు మీదే ఉంది. నాలుగు మూలలు పట్టుకోవడానికి నేస్తాలూ వచ్చారు. మొహం చెల్లక కాస్త వెనకా ముందూ ఆడారనుకోండి, కానీ వచ్చారు.

కొన్నాళ్ళకు నల్లటి మబ్బొకటి లేచింది. కొండ దిగి, పొలాలు దాటి, మెల్లగా ఏ ఊరికి వెళ్ళిందో ఆ ఊళ్ళో వాన కురిసింది. ఇంటి చూరు కింద నిలబడి చేతులు చాపిన పిల్లలకు, ఆ వాన ఎవరి రెక్కల కష్టమో తెలియదు.

ఇప్పుడు మీకు తెలుసు. గట్టున నీటికాకి రెక్కలు చాపి నిలబడి ఉంటే రాళ్ళు విసరకండి, ఆరనివ్వండి.

కనుక పిల్లలూ, తమకు న్యాయంగా రావలసింది అడిగినవాళ్ళు తప్పు చేసినవాళ్ళు కారు, అడిగినందుకు కక్ష సాధించేవాళ్ళదే తప్పు, అది చూసి కూడా నోరు మెదపనివాళ్ళకు అందులో కొంత వాటా ఉంటుంది.