పులస ముళ్ళూ, ఆఖరి మిషనూ

నీలాద్రికి ఆగడమంటే ఒళ్ళుమంట. పాలు కాగేదాకా ఆగలేక చిన్నప్పుడంతా పచ్చిపాలే తాగి పెరిగాడు. రైలు ఆగేదాకా ఆగలేక ప్రతి స్టేషన్లోనూ ఒక చెప్పు పోగొట్టుకున్నాడు. అలాంటివాడు వచ్చి వచ్చి దస్తగిరి మాస్టారి దగ్గర శిష్యుడిగా చేరాడు.

రాజమండ్రిలో గోదారి గట్టు పక్కనే మాస్టారి వరద లెక్కల కేంద్రం. ఒక పెద్ద గది, గది నిండా అరల్లో పేర్చిన కంప్యూటర్లు. వాటిని అందరూ మిషన్లు అనేవారు. లోపల చలి ఎంతంటే, రోహిణి కార్తెలో దారి తప్పి దూరిన దోమ కూడా వణుక్కుంటూ బయటికొచ్చి ఎండలో కూర్చునేది.

ఎగువన వానలు పడితే ఏ ఊరికి ఎంత నీరొస్తుందో ఆ మిషన్లు లెక్కగట్టేవి. ఒక్క మిషను వల్ల అయ్యే పని కాదది. అందుకని గోదారిని ముక్కలు కోసి, తలో ముక్కా తలో మిషనుకి అప్పగించేవారు. ప్రతిదీ తన ముక్కలో ఒక గంట నీటిని లెక్క చూసి, పక్కదానికి కబురు చెప్పి, అన్ని కబుర్లూ అందాకే తర్వాతి గంటలోకి వెళ్ళేది. ఒక్కటి వెనకబడిందా, మిగిలినవన్నీ గుడ్లప్పగించి కూర్చోవలసిందే.

మాస్టారి భోజనాలూ అలాగే ఉండేవి. వరండాలో దస్తర్‌ఖాన్ అనే పొడుగాటి భోజనాల గుడ్డ పరిచి అందర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టేవారు. ఆఖరివాళ్ళు తినడం అయ్యేదాకా ఎవ్వరూ లేవకూడదు. వాళ్ళ తాతగారి దర్గాలో అన్నదానం నాటి పద్ధతట.

ఆ వరసలో సత్యవేణి అనే పెద్ద శిష్యురాలు ఉండేది. మెతుకు మెతుకునీ పేరు పెట్టి పలకరించి మరీ తినే రకం. ఆవిడ పెరుగులోకి వచ్చేసరికి మిగిలినవాళ్ళ చేతులు ఎండి, అప్పడాల్లా చిటపటలాడేవి.

"ఇక్కడ మిషన్లూ ఆగడమే, మనుషులూ ఆగడమే," అని గొణిగేవాడు నీలాద్రి.

"ఆగనిదే కావాలంటే గోదారితో కాపురం పెట్టు బాబూ. అదొక్కటే ఆగదు," అనేది సత్యవేణి, తాపీగా పెరుగు కలుపుకుంటూ.

నీలాద్రి ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ఎండాకాలమంతా గది తలుపు వేసుకుని కూర్చున్నాడు.

మిషన్లకి లెక్క ఎలా పంచాలి, అవి ఎంతసేపటికోసారి మాట్లాడుకోవాలి, వెనకబడ్డదాని కోసం ఎంతసేపు చూడాలి, ఇలాంటి సెట్టింగులు ఇసుక రేణువులన్ని ఉన్నాయి. మాస్టారు ఏళ్ళ తరబడి వాటిని చేత్తో సరిచేసుకుంటూ వచ్చారు, వీణకి శ్రుతి చేసుకున్నట్టు. నీలాద్రి ఆ పనికి, తనంతట తనే నేర్చుకునే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాడు. అది సెట్టింగుల్ని ఒకలా పెడుతుంది, గడియారం చూస్తుంది. ఇంకోలా పెడుతుంది, మళ్ళీ గడియారం చూస్తుంది. టైం తగ్గితే దానికి మెప్పు. పెరిగితే చీవాట్లు. అంతకు మించిన పాపపుణ్యాలు దానికి తెలియవు.

మృగశిర కార్తె వచ్చేసరికి అది నేర్చుకోవలసిందంతా నేర్చేసుకుంది.

పొద్దున్న మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి తేలే లెక్క, చేతిలో కాఫీ చల్లారేలోగా తేలిపోయింది. ఎండాకాలం గోదారి మీద పాత పద్ధతిలో ఒకసారి, కొత్త పద్ధతిలో ఒకసారి నడిపి చూశారు. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. సత్యవేణి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది, ఆ పూట భోజనాలు ఇంకా ఆలస్యమయ్యాయి. నీలాద్రి కాళ్ళు నేలకి జానెడు ఎత్తున నడిచాయి.

"ఎలా తగ్గింది నాయనా?" అని అడిగారు మాస్టారు.

"ప్రోగ్రాం నేర్చుకుంది మాస్టారూ."

"ఏం నేర్చుకుంది?"

"ఏవిటంటే... తొందరగా చెయ్యడం!"

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

శ్రావణంలో గోదారికి ఎర్రనీరు వచ్చింది. ఊరికే రాలేదు. ఎగువన అడవుల్లో ఉన్న చెట్లన్నిటినీ పెళ్ళికి పిలిచి వెంట తెచ్చుకుంటున్నట్టు వచ్చింది. గట్టు మీద నుంచుంటే అవతలి ఒడ్డు మొన్నటిదాకా ఉండేదని చెప్పుకోవడమే.

ఆ పొద్దున్న తాసిల్దారు గారి ఫోన్. నది మధ్యలో పొన్నగరువులంక ఉంది. మనుషులూ, పశువులూ, అరటి తోటలూ. ఉన్న గుప్పెడు పడవలూ ఆ లంక రేవులోనే కట్టేసి ఉన్నాయి. దిగువ ఊళ్ళవాళ్ళు మాకు పంపండని గోల పెడుతున్నారు. లంక మునుగుతుందంటే పడవలు అక్కడే ఉంచాలి, మునగదంటే దిగువకి తోలెయ్యాలి. రెండు చోట్లకీ చాలవు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు నీలాద్రి. అన్నట్టే ఇంచుమించు ఒక్క నిమిషంలో తెరమీద పటం వచ్చేసింది. నది అంతా నీలం. చుట్టుపక్కల గట్లమీద అక్కడక్కడా ఎరుపు. మధ్యలో పొన్నగరువులంక మాత్రం పచ్చగా, తలంటి పోసుకుని కూర్చున్న పిల్లలా ఉంది.

"లంకలో ఆవగింజంత తడి లేదు మాస్టారూ! పడవలు తోలుకోమని చెప్పేస్తాను."

మాస్టారు పటం దగ్గరికొచ్చి చూశారు. చుట్టూ నీళ్ళు ఎగిరిపడుతుంటే మధ్యలో అంత బుద్ధిగా ఉన్న ఆ పచ్చరంగు వైపు చూశారు. తర్వాత ఫోన్ మీద చెయ్యి పెట్టారు.

"భోజనం చేసి చెబుదువుగాని."

"ఇప్పుడు భోజనమేవిటండీ! పొద్దున్న తిన్న ఇడ్లీ ఇంకా గొంతులోనే ఉంది."

"పులస ఉంది," అన్నారు మాస్టారు. ఫోన్ తనే తీసుకుని, "తాసిల్దారు గారూ, నేను చెప్పేదాకా పడవలు కదపకండి. భోజనానికి కూర్చుంటున్నాం," అన్నారు.

"వరద ముంచుకొస్తుంటే పులసేవిటండీ!" అని అవతల తాసిల్దారు గారు వేసిన కేక ఫోన్ అక్కర్లేకుండానే వినపడింది.

దస్తర్‌ఖాన్ పరిచారు. పులస నిజంగానే ఉంది. నిన్న సాయంత్రం మాస్టారి ఇంట్లో మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయలు వేసి పెట్టిన పులుసు. మూత తీస్తే ఆ వాసనకి అవతలి ఒడ్డు కొవ్వూరులో రెండు కాపురాలు చక్కబడ్డాయి.

మాస్టారు స్వయంగా గరిటె పట్టుకున్నారు. సత్యవేణికి పప్పు వేశారు. పక్కవాళ్ళకి పప్పు. ఆ పక్కవాళ్ళకీ పప్పే. తనకీ పప్పే వడ్డించుకున్నారు. పులస మొత్తం, అందులోనూ తోక వైపు ముక్కలన్నీ ఏరి ఏరి నీలాద్రి పళ్ళెంలో వేశారు.

వరస వరసంతా నిర్ఘాంతపోయింది. గోదారి గట్టున పుట్టిన మనుషుల ముందు ఒక్కడికి పులస వడ్డించి మిగిలినవాళ్ళకి పప్పు పెట్టడం! లోకంలో ఇంకెక్కడా జరగదు, జరిగితే యుద్ధాలే.

"నా చేతివేగం అంతటిది మరి," అన్నాడు నీలాద్రి సిగ్గూ గర్వమూ కలిపి. సత్యవేణి అతని వంక చూసిన చూపుకి అన్నంలో నెయ్యి కరిగిపోయింది.

పులస తోక సంగతి తెలిసిందేగా. చేపకి ముళ్ళున్నాయనడం అన్యాయం. దేవుడు ముందు ముళ్ళ గుట్ట పోసి, ఎవరో చూస్తారేమోనని పైన కాస్త చేప పూశాడు. ఆగడం చేతకాని నీలాద్రి కూడా ఆగి, వెలుగుకేసి పట్టి చూసి, ఒక్కో ముల్లూ నాలుకతో తడిమి తీసి పక్కన పెట్టుకోవలసి వచ్చింది. ముల్లు తీస్తే దాని వెనక ఇంకో ముల్లు.

మిగిలినవాళ్ళది పప్పన్నం. చివరికి సత్యవేణిది కూడా అయిపోయింది.

మాస్టారు లేచారు. నేరుగా నీలాద్రి ముందుకి వచ్చి, వంగి, అతని పళ్ళెం లాగేసుకున్నారు.

"భోజనాలైపోయాయి. లేవండి."

ఒక్కరూ కదల్లేదు. గాలి కూడా కదల్లేదు. గోదారి కూడా ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగి చూసే ఉంటుంది. ఇన్నేళ్ళలో మాస్టారు ఎవరినీ సగం అన్నం మీద నుంచి లేపలేదు. పైగా పులస పళ్ళెం!

నీలాద్రి చెయ్యి గాల్లోనే ఉంది, వేళ్ళ మధ్య సగం తీసిన ముల్లుతో. "మాస్టారూ! నేనింకా తింటున్నానండీ!"

"ఒక్కడివేగా. మిగిలిన అందరిదీ అయిపోయింది."

"అయిపోదూ మరి! వాళ్ళకి పప్పు పెట్టి నాకు ముళ్ళు పెట్టారు! ముళ్ళుంటే ఆలస్యం అవ్వదా?"

మాస్టారు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డారు.

నీలాద్రి ముళ్ళ వంక చూశాడు, మిషన్ల గది వంక చూశాడు. చెయ్యి కడుక్కోకుండా, చెప్పుల కోసం చూడకుండా, చలి గదిలోకి పరిగెత్తాడు.

పులుసు చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడం చేత్తో ఒక్కో అక్షరమే కొట్టాడు. తన ప్రోగ్రాం దిద్దిన సెట్టింగులన్నీ తెరిచాడు. వాటిల్లో ఒకటి, ఏ మిషనైనా పాడై పడిపోతే దాని కోసం కాసేపు చూసి, రాకపోతే అది చెప్పిన పాత కబురే వేసుకుని ముందుకెళ్ళమనేది. ఆ 'కాసేపు'ని ప్రోగ్రాం కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోయి, ఏమీ మిగల్చలేదు. వెనకబడ్డ మిషను కోసం ఇప్పుడు ఎవరూ రెప్పపాటైనా చూడటం లేదు.

ఎండాకాలంలో ఏ ముక్కలోనూ ముళ్ళు లేవు, అందుకే అప్పుడు రెండు లెక్కలూ కలిశాయి.

ఈ పొద్దున్న వదిలేసిన మిషను ఏదో చూశాడు. ఒక్కటే. దానికి అప్పగించిన ముక్క పొన్నగరువులంక.

పటంలోని ఆ పచ్చరంగు ఇవాళ్టిది కాదు. వరద రాకముందు అది చెప్పిన కబురు. ప్రతి గంటకీ అదే కబురు మళ్ళీ మళ్ళీ అతికించుకుంటూ మిగిలిన మిషన్లు పని ముగించేసి ఊరుకున్నాయి.

ఆ ఒక్క మిషను మాత్రం ఊరుకోలేదు. ఆపమని దానికెవరూ చెప్పలేదు. గది మూల అరలో, పంకా హోరెత్తిపోతూ, ఇంకా లెక్క వేస్తూనే ఉంది. గట్టు లోపల పారే నీటికి ఒకటే దారి. గట్టు దాటిన నీటికి ప్రతి చేనూ ఒక దారి, ప్రతి గోడా ఒక లెక్క. అరటి తోటల్లోకి మళ్ళింది, చీలింది, కలిసింది, మళ్ళీ చీలింది. సగం తేలిన అంకెలు కిందికి జారిపోతున్నాయి.

నీలాద్రి ఫోన్ అందుకున్నాడు. దానికీ పులుసు అంటుకుంది.

"సార్, పడవలు లంకలోనే ఉంచండి. జనాన్ని ఎక్కించెయ్యండి. పశువుల్ని కూడా."

"ఏవయ్యా, లెక్క తేలిపోయిందా?" అన్నారు తాసిల్దారు గారు.

"తేలలేదండీ. ఆ ఒక్క ముక్కే ఇంకా తేలలేదు."

"తేలకుండానే ఎలా చెబుతున్నావయ్యా?"

"తేలలేదు కనకే చెబుతున్నానండీ."

సాయంత్రానికి పొన్నగరువులంకలో అరటి గెలలు నీళ్ళలో చేతులాడిస్తూ కనిపించాయి. మనుషులు గట్టెక్కారు, మేకలు గట్టెక్కాయి. ఒకాయన తను ఎక్కకుండా ముందు కోడిపుంజుని ఎక్కించి, దానికి కిటికీ పక్క సీటు కావాలన్నంత హడావిడి చేశాడు. అదంతా తర్వాతి మాట.

ఫోన్ పెట్టేసి నీలాద్రి వరండాలోకి వచ్చాడు. మాస్టారు ఏమంటారో, అసలు మొహమెలా చూపించాలో తెలియక తలుపు దగ్గరే నిలబడ్డాడు.

దస్తర్‌ఖాన్ పరిచే ఉంది. వరసలో ఒక్కరూ లేవలేదు. మాస్టారు కూడా తన చోటికి వెళ్ళి కూర్చున్నారు. అందరి చేతులూ ఎండిపోయి ఉన్నాయి. అతని చోట అతని పళ్ళెం, మీద మూతగా ఇంకో పళ్ళెం.

నీలాద్రి వచ్చి కూర్చున్నాడు. సత్యవేణి మూత తీసి పక్కన పెట్టింది.

"తిను నాయనా," అన్నారు దస్తగిరి మాస్టారు. "ముళ్ళున్నాయి. మెల్లిగా."