గజ్జెలమ్మపేట టపా బల్లెం

గజ్జెలమ్మపేట స్టేషనులో దిగిన భక్తులకు ముందుగా కనిపించేది పెంకుల ఫ్యాక్టరీ పొగగొట్టం. దానికి ఎదురుగా, పోస్టాఫీసు గోడను ఆనుకొని అమ్మవారి గుడి ఉన్నది. గర్భగుడిలో రాతి విగ్రహం కోసం వెతకవద్దు. గజ్జెలు కట్టిన ఒక ఇనుప బల్లేనికే ఇక్కడ పసుపు కుంకుమలు, చీరె సారెలు. ఈ రైలుమార్గంలో ఇంతకన్నా పెద్ద గుళ్ళు ఎన్నైనా ఉండవచ్చు. తన పేరుతో పోస్టాఫీసు తెచ్చిపెట్టిన అమ్మ మాత్రం మాకే ఉన్నదని చెప్పుకోవడానికి ఈ ఊరివారికి మొహమాటం లేదు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. రైలు పట్టాలు, బంకమట్టి నేల, ఆ మట్టిని చూసి ఒక షావుకారు పెట్టిన పెంకుల బట్టీ మాత్రమే ఉండేవి. నలుదిక్కుల నుంచి పనికి వచ్చినవారు ఎవరి గ్రామదేవత పేరుతో వారు ఈ చోటును పిలుచుకునేవారు. దాంతో పెంకులు కావాలని వ్రాసిన ఉత్తరాలు ఊరూరా తిరిగి, వానలు వెలిశాక చేరేవి. విసిగిపోయిన షావుకారు, పోస్టాఫీసు రాకపోతే బట్టీ ఎత్తివేస్తానన్నాడు.

పోస్టు ఇన్‌స్పెక్టరు వచ్చి, ఆఫీసు ఇస్తాను, ముద్ర మీద చెక్కడానికి అందరూ ఒప్పుకొన్న పేరు సాయంత్రం బండిలోగా చెప్పమన్నాడు. అక్కడే పేచీ మొదలైంది. మా తల్లి పేరంటే మా తల్లి పేరని జుట్లు పట్టుకొన్నారు. పొట్ట గడిచే సంగతి ఒక్కరికీ గుర్తులేదు.

ఆ రోజుల్లో దూరపు టపా కచేరీ నుంచి ఇక్కడికీ, చుట్టుపక్కల పల్లెలకూ ఉత్తరాల సంచి మోసుకొని పరుగెత్తేవాడు గేదెల సన్యాసి. అడవి దారిలో మృగాలు తప్పుకోవాలని సర్కారు అతనికిచ్చిన బల్లేనికి గజ్జెలు కట్టి ఉండేవి. తగవు తీర్చలేక అలసి, ఆ మధ్యాహ్నం సంచి తలకింద పెట్టుకొని కునుకు తీశాడు. సర్కారు సంచిని తలగడ చేసుకోవడం నేరమే. అయినా అమ్మ ఆ కునుకులోనే కనిపించింది.

“నీ గజ్జెలు వినబడితే ఏ ఊరివాళ్ళయినా గుమ్మంలోకి వస్తారు గదరా. ఆ మోతలో ఉన్నది నేనే. నన్నిక్కడ నిలబెట్టు” అని చెప్పింది.

సన్యాసికి మెలకువ వచ్చింది. బల్లెం వదిలితే ఉద్యోగం వదిలినట్లే. ఆఫీసు వస్తే సంచి రైల్లోనే వస్తుంది, ఇక అతనితో పనేముంది? అతనికి తెలిసిన విద్య పరుగు ఒక్కటే. బల్లేన్ని నిమురుతూ కూర్చొని కాసేపు ఏడ్చాడు. తరువాత లేచి, జగడమాడుతున్న జనం నడుమకు వెళ్ళి దాన్ని నేలలో పాతాడు. గజ్జెలు ఘల్లుమన్నాయి. అలవాటు కొద్దీ అందరూ నోళ్ళు మూసి, తమకేదో ఉత్తరం వచ్చిందనుకొని చేతులు చాచారు. సన్యాసి తన కల చెప్పాక వాదించే నోరు ఒక్కటీ మిగలలేదు.

సర్కారు బల్లెం ఇలా పాతడమేమిటని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“ఆపీసొచ్చీసినాక నాను పరిగెట్టడానికి దోవెక్కడుంది బాబూ? అమ్మనిక్కడే ఉండనీండి” అన్నాడు సన్యాసి.

ఇన్‌స్పెక్టరు గజ్జెలమ్మపేట అని వ్రాసుకొన్నాడు.

బట్టీ నిలిచింది, పెరిగి ఫ్యాక్టరీ అయింది. ఈ ఊరి పేరు అచ్చొత్తిన పెంకు లేని ఇల్లు చుట్టుపక్కల కనబడదు. సన్యాసి అమ్మకు తొలి పూజారి అయ్యాడు. ఆఫీసు తెరిచిన ఉదయం, కొత్త ముద్ర పడిన మొదటి కార్డు అతనికే వచ్చింది. జన్మంతా ఊళ్ళ ఉత్తరాలు మోసినవాడికి తన పేరిట అందిన తొలి ఉత్తరం అదే.

ఈనాటికీ జాతరనాడు మొదటి ముద్ర సన్యాసి పేరిట వ్రాసిన కార్డు మీదే పడుతుంది. పోస్టుమాస్టరుగారే దాన్ని అమ్మ ముందు చదువుతారు. విన్నవారికి ఎదురుచూసే కబురు అందుతుందని, చేసే పని నిలుస్తుందని నమ్మకం. ఆనాడు బట్టీవాళ్ళు వ్రాయించిన మాటలనే, ఒక్క అక్షరం మార్చకుండా చదువుతారు:

“సన్నాసన్నా, మావందరం ఇక్కడే ఉండిపోనాం. నువ్వింక పరిగెట్టకు, కూకో.”