సున్నం పెట్టని మలుపు

కార్తీక ఏకాదశి ఇంకా వారం రోజులుందనగా నీలవేణికి అన్నం సయించడం మానేసింది. ఆ ఏడు సైకిల్ యాత్రలో ముందు ఎవరు నడుస్తారో గురువుగారు నోరు విప్పి చెప్పలేదు మరి.

గురువుగారంటే లస్కరు స్వామి. అసలు పేరు పరదేశయ్య. కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ, ఎక్కడ గండి పడేలా ఉందో, ఎక్కడ ఎలకలు బొరియలు చేశాయో చూసుకునే లస్కరు ఉద్యోగం ముప్ఫై రెండేళ్ళు చేశారు. పెన్షన్ వచ్చాక లాకుల పక్కనే చిన్న రామమందిరం కట్టుకుని అక్కడే ఉండిపోయారు. తన దగ్గరికి వచ్చినవాళ్ళకి ఆయన మంత్రమేమీ ఇవ్వరు. "రేపు పొద్దున్నే సైకిల్ తెచ్చుకో" అంటారు, అంతే.

ఏటా కార్తీక ఏకాదశినాడు ఆయన వెనకాల నలభై యాభై సైకిళ్ళు బయలుదేరేవి. కాలవ గట్టు పట్టుకుని, పల్లెలు దాటుకుని, తపస్సు కొండ మీది రాముడి దగ్గరికి. ముందున్న ఆయన నామం అందుకుంటే వెనకవాళ్ళు పలికేవారు. ఈసారి రెండు చిక్కులొచ్చి పడ్డాయి. పాత దారి మీద ఇసుక లారీలు తిరుగుతున్నాయి. గురువుగారి మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

"కొత్త దారి వెతకమ్మా" అన్నారాయన నీలవేణితో. వెతకమన్నారు గానీ నడపమనలేదు.

నీలవేణి హైస్కూల్లో డ్రిల్లు టీచరు. కొండదారుల సైకిల్ పందేల్లో జిల్లా తరఫున తొక్కిన పిల్ల. లావు టైర్లూ ఇరవయ్యొక్క గేర్లూ ఉన్న సైకిల్ ఆమెది. మూడేళ్ళుగా యాత్రలో పంక్చర్లు వేసింది, నీళ్ళ క్యాన్లు మోసింది. ఒక్క ఏడాదైనా అందరికంటే ముందు తనుండి నామం అందుకోవాలని ఆమె కోరిక. పైకి ఎవరితోనూ అనలేదు. రాముడికి మాత్రం రోజూ చెప్పుకునేది.

బడి అయ్యాక పన్నెండు సాయంత్రాలు తిరిగి దారి కుదిర్చింది. లాకుల నుంచి తూము దాకా కాలవ గట్టు. తూము దగ్గర దిగితే జీడిమామిడి తోటలు. అవి దాటితే టేకు తోపు. తోపు అవతల వాగు, ఆ పైన కొండ. లారీ అన్నది దూరలేని దారి. టేకు తోపులో పశువుల బాటలు సాలెగూడులా అల్లుకుపోయి ఉంటాయి. అక్కడ ఆమెకే రెండుసార్లు తల తిరిగింది. అందుకని సున్నం డబ్బా, కుంచె పట్టుకెళ్ళి చెట్టు విడిచి చెట్టుకి బాణం గుర్తులు వేసింది.

అదంతా కాగితం మీద గీసి, శనివారం సాయంత్రం గురువుగారి ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"గుర్తులు ఎక్కడెక్కడ వేశావమ్మా?"

"తికమకపడే చోటల్లా వేశాను స్వామీ. కళ్ళు మూసుకుని పోవచ్చు."

"కళ్ళు మూసుకుంటే గుర్తులెలా కనిపిస్తాయే" అని నవ్వి, ఆయన కాగితం మడిచి ఇచ్చేశారు. "రేపు ఆదివారం కదా, ఓసారి పోయి చూసొద్దాం. సూరాయమ్మ ముందు నడుస్తుంది."

గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న సూరాయమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె కోనసీమ మనిషి. భర్త పోయాక, మొన్న వేసవిలో, మందిరంలో వంట చేస్తానని వచ్చి చేరింది. యాత్ర ఆమెకి ఇదే మొదలు. కొండ మీది రాముణ్ణి ఇంకా చూడలేదు.

"నేనా బాబుగారూ? సంతకీ మందిరానికీ తప్ప నాకు దారి తెలీదు. మా వైపు దారి తప్పితే ఓ కొబ్బరితోటలోంచి ఇంకో కొబ్బరితోటలోకి పోతాం. అదీ ఏ పెదనాన్నదో అయ్యుంటుంది, కూచోబెట్టి మజ్జిగిస్తారు. ఈ అడవులు నాకేం ఎరిక?"

"గుర్తులున్నాయి కదమ్మా, చూసుకుంటూ పద" అని, ఆయన నీలవేణి వైపు తిరిగారు. "నువ్వు అందరికంటే వెనక రా తల్లీ. దారి మాత్రం చెప్పకు."

నీలవేణి తలూపింది. పరీక్ష అనుకుంది. తన గుర్తుల మీద ఆమెకి ఏ బెంగా లేదు.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా ముగ్గురూ గట్టెక్కారు. ముందు సూరాయమ్మ, బుట్ట తగిలించిన లేడీస్ సైకిల్ మీద, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని. ఆ వెనక గురువుగారు, ఉద్యోగం నాటి పాత సైకిల్ మీద. ఆఖరున నీలవేణి. కాలవ నిండుగా పారుతోంది. అవతలి గట్టున ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. మంచు ఇంకా విడలేదు.

"ఏమే టీచరమ్మా, నీ సైకిలుకి అన్ని పళ్ళున్నాయి, నా వెనక ఈడవలేక చస్తున్నావా?" అని సూరాయమ్మ వెనక్కి తిరక్కుండానే కేక వేసింది.

"నువ్వు ముందు చూసి తొక్కు పిన్నీ, కాలవలో పడతావు."

"పడితే ఈతొచ్చులే. మాది ఏటి మధ్య లంక."

తూము దగ్గర రాతి మీద మొదటి బాణం కనిపించగానే సూరాయమ్మ చిన్నపిల్లలా సంబరపడింది. జీడిమామిడి తోటల్లో ప్రతి గుర్తుకీ పైకి లెక్క చెప్పింది. టేకు తోపులో, నీలవేణికే తల తిరిగిన చోట, ఆమె తడుముకోకుండా ఎడమకీ కుడికీ తిరుగుతూ పోయింది. "బాగా వేశావే అమ్మాయ్, వాకిట్లో ముగ్గేసినట్టు." ఎండుటాకులు టైర్ల కింద అప్పడాల్లా చిటపటమంటున్నాయి. వెనక నీలవేణి మనసు గాల్లో తేలుతోంది. ఇక గురువుగారు చెప్పడమే తరువాయి.

తోపు దాటి వాగు ఒడ్డుకి వచ్చారు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. వెడల్పుగా, చదునుగా ఉన్నది ఎడమకి. తుప్పల మధ్య నుంచి సన్నటి బాట కుడికి.

సూరాయమ్మ వేగం తగ్గించలేదు. ఎడమకి తిరిగి వెళ్ళిపోయింది.

నీలవేణి నోటిదాకా కేక వచ్చి ఆగింది. చెప్పకు అన్నారు. పోనీ గురువుగారైనా ఆపుతారు కదా. పాత దారి కూడా ఆ వాగు దగ్గరికే వచ్చి కలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆయన అక్కడ కుడికి తిరుగుతూనే ఉన్నారు.

గురువుగారు ఎడమకి తిరిగారు.

దారి కిందికి జారుతూ పోయింది. రెండు కిలోమీటర్లకి పైగా ఉంటుంది. కిందికి పోయినంతా మళ్ళీ పైకెక్కాలి కదా అని, ఆయన మోకాళ్ళు చూస్తూ నీలవేణి లోపల్లోపల ఉడికిపోయింది. ఆఖరికి దారి పాడుబడిన కంకర క్వారీ దగ్గర ఆగిపోయింది. ఒక గుంట, గుంటలో నీళ్ళు, నీళ్ళలో నాలుగు గేదెలు. కొండా లేదు, కోవెలా లేదు.

సూరాయమ్మ సైకిల్ దిగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎక్కడో గుర్తు చూసుకోకుండా వచ్చేశాను" అంది చివరికి. "పిల్ల అంత కష్టపడి చెట్టు చెట్టుకీ వేస్తే, నా కళ్ళు ఎక్కడ పెట్టుకున్నానో. నా మూలంగా బాబుగారి కాళ్ళు..." మాట మధ్యలో వదిలేసి సైకిల్ వెనక్కి తిప్పింది. "నేను యాత్రకి రానులెండి. మందిరంలో పులిహోర కలుపుకుంటూ ఉంటాను. అంతమందిలో నాలాంటిది ఒక్కత్తి చాలు, అందర్నీ ఆపడానికి."

గురువుగారు రాయి మీద కూచుని మోకాళ్ళు రుద్దుకుంటున్నారు.

నీలవేణి సైకిల్ స్టాండు వేసింది. ఆమెకి దారి చెప్పకూడదన్న మాట గుర్తుంది. ఇది దారి సంగతి కాదు.

"తప్పు నీది కాదు పిన్నీ. వాగు దగ్గర గుర్తు లేదు."

"లేదా?"

"నేనే పెట్టలేదు."

సూరాయమ్మ నమ్మలేనట్టు చూసింది. "అదేమే? అక్కడ రెండు దారులున్నాయిగా?"

నీలవేణి నేల చూపులు చూసింది. "అక్కణ్ణుంచి మాకందరికీ తెలిసిన దారే. ఎవరు తప్పుతారులే అనుకున్నాను."

గేదెల్లో ఒకటి ముక్కుతో నీళ్ళు చిమ్మింది. కాసేపటికి నీలవేణి గురువుగారి దగ్గరికి వెళ్ళి కూచుంది.

"ఇది క్వారీ దారని మీకు తెలుసు కదా స్వామీ?"

"తెలుసమ్మా."

"మరి మీరెందుకొచ్చారు?"

"సూరాయమ్మ ముందుంది కదా" అన్నారాయన.

సూరాయమ్మ బుట్టలోంచి అటుకులూ బెల్లమూ తీసి ముగ్గురికీ పంచింది. దారి తప్పినా ఆకలి తప్పదు కదా అని తనే నవ్వింది. తిన్నాక లేచి, సైకిళ్ళు నెట్టుకుంటూ ఎత్తు ఎక్కారు. గురువుగారి సైకిల్ తను నెడతానని నీలవేణి చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. అయితే, ఎత్తు మరీ ఎక్కువైన చోట వెనక నుంచి ఆమె క్యారియర్ మీద చెయ్యి వేస్తే వద్దనలేదు.

వాగు దగ్గరికి వచ్చారు. నీలవేణి సంచీలోంచి సున్నం డబ్బా తీసి మూత తిప్పింది. దారి చీలే చోట పెద్ద బండరాయి ఒకటుంది. దాని ముందు మోకాళ్ళ మీద కూచుంది. కుంచె ముంచింది. రాయి మీద ఆనించబోతూ ఆగి, వెనక్కి చూసింది.

"పిన్నీ, ఎడమకి తిరగాలని నీకెక్కడ తోచింది? ఈ రాయి దగ్గరేనా?"

సూరాయమ్మ ఆలోచించింది. సైకిల్ వెనక్కి నెట్టుకుంటూ టేకు తోపులోకి పది గజాలు నడిచింది. "ఇదిగో, ఇక్కడ. చెట్ల సందులోంచి ఆ వెడల్పాటి దారి కనిపించింది. హమ్మయ్య, మంచి దారొచ్చిందిరా భగవంతుడా అనుకున్నాను. ఆ తరవాత నేనింకేం చూడలేదే. వాగులోకి జారకుండా కాళ్ళ కింద చూసుకుంటూ వచ్చేశాను."

నీలవేణి ఆమె పక్కన నిలబడింది. పన్నెండు సాయంత్రాలు ఆ చోటు మీదుగా పోయింది. అక్కణ్ణుంచి వెడల్పు దారి ఒక్కటే కనబడుతుందని, సన్నబాట తుప్పల చాటున ఉందని ఇప్పుడే చూసింది.

"నీ కళ్ళు ఏ ఎత్తున ఉంటాయి, సైకిల్ మీద ఉన్నప్పుడు?"

"ఎక్కి చూపిస్తానుండు" అని సూరాయమ్మ సీటెక్కి, ఒక కాలు నేలకి ఆనించింది. ఆమె చూపు తగిలే ఎత్తున, టేకు మాను మీద నీలవేణి బాణం గుర్తు వేసింది. లావుగా, రెండు పూతలు. సున్నం వేలి మీదుగా మోచేతి దాకా కారింది.

గురువుగారు ఇదంతా చెట్టుకి జారగిలబడి చూస్తున్నారు. పూత ఆరేదాకా ఊరుకుని, అప్పుడు అన్నారు.

"ఏకాదశినాడు నువ్వు ముందుండమ్మా."

మూడేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది. నీలవేణి చేతిలో కుంచె అలాగే ఉంది. ఆయనకి నమస్కారం పెట్టింది. సున్నం చేతులతోనే.

ఆ తరవాత సూరాయమ్మ వైపు తిరిగింది.

"నువ్వు పద పిన్నీ, ముందు. కొండదాకా ఇంకా ఎక్కడెక్కడ నీకు అనుమానం వస్తుందో, అక్కడల్లా ఆగు."

"అలాగైతే సాయంత్రం దాకా ఆగుతూనే ఉంటానే" అంటూ సూరాయమ్మ కుడివైపు సన్నబాటలోకి సైకిల్ తిప్పింది. గురువుగారు ఆమె వెనక కదిలారు.

నీలవేణి సున్నం డబ్బా చేతికి తగిలించుకుని సైకిలెక్కింది. వాళ్ళ వెనక నెమ్మదిగా పోయేందుకు, అన్నిటికంటే చిన్న గేరు వేసుకుంది.