నక్క నుదుటి విభూది

నా కథల్లో అబద్ధం ఉంటుందని గిట్టనివాళ్ళు అంటారు. ఉంటుంది, కూరలో ఉప్పంత. ఉప్పు లేని కూర మీరు తింటారా? ఈ కథ విన్న పులి ఒకటి మూడు రోజులు పచ్చి మాంసం ముట్టలేదు. నాలుగో రోజు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "పెద్దాయనా, ఇంకెవరికీ ఇంత భయంగా చెప్పకు, కన్ను మూతపడటం లేదు" అని దణ్ణం పెట్టింది. ఆ పైన మీ ఇష్టం.

కొండ అడుగున, అడవి మొదట్లో ఓ పాడుబడ్డ చర్చి ఉంది. ఈ కథకి ముందటేడు వానలకి ముందే జనం ఊరు ఖాళీ చేసి రోడ్డు పక్కకి వెళ్ళిపోయారు. పోతూ పోతూ గంట నాలుక కూడా పీక్కుపోయారు. అయినా మిట్టమధ్యాహ్నం గాలి స్తంభించిపోయిందంటే చాలు, నాలుక లేని ఆ గంట 'మ్మ్...' అని మూలిగేది. నేను నా చెవులతో విన్నాను. నాతో వచ్చిన వస్తాదులు నలుగురు రెండో మూలుగు దాకా నిలబడలేదు.

చర్చి వెనక ఒక చెలమ. ఆ ఏడు ఎండ ఎలాంటిదంటే పాములు తమ నీడలోనే దూరి పడుకున్నాయి. చుట్టూ నాలుగు కొండలకీ ఆ చెలమే దిక్కు. అడవిలో జంతువులన్నీ అక్కడికే రావాలి. వస్తే ఒకదాన్నొకటి తినెయ్యకుండా ఎలా?

దానికి ఉపాయం చెప్పినవాడు ముసలి ఎద్దు రాయప్ప. ఒకప్పుడు ఫాదరుగారి బండి లాగాడు. ఆయన బండిలో కూర్చుని వల్లించిన ప్రసంగాలన్నీ విని విని సగం ఫాదరు అయిపోయాడు.

"ఇవాళ విభూది బుధవారం. ఇవాళ్టి నుంచి ఈస్టరు దాకా తపస్సు కాలం. ఈ చెలమ దగ్గర ఎవరూ ఎవరి మీదా పంటి గాటు పెట్టకూడదు" అన్నాడు.

"ఎందుకంట తాతా ఈ ఉపవాసాలు? ఆకలంటే ఏంటో మాకు తెలీదా?" అంది మేక శౌరమ్మ. దానిది కత్తెర నోరు.

"నీ ఆకలి నీకు తెలుసే. నీ ఆకలి ఎవరి ఉసురు పోసుకుంటోందో తెలుసుకోవడానికే ఈ నలభై రోజులూ."

కిందటి మట్టల ఆదివారం జనం ఊపిన ఈత మట్టలు చర్చిలో ఎండి పడున్నాయి. అడవిలో ఎప్పుడూ రాజుకుంటూ ఉండే బొగ్గుల బట్టీలో వాటిని కాల్చి, ఆ బూడిద అందరి నుదుటా పెట్టాడు రాయప్ప. "మట్టి నుంచి వచ్చావు, మట్టిలోకే పోతావు" అని ఒక్కొక్కరికీ చెప్పాడు.

అందరికంటే ముందు తల వంచినవాడు నక్క ఇన్నాసి. కళ్ళ నీళ్ళు బొటబొటా కారుస్తూ, "ఈ నలభై రోజులూ గడ్డి పరకే నాకు పరమాన్నం" అన్నాడు. గొంతు గొప్పది కదా, శుక్రవారం మధ్యాహ్నం సిలువ మార్గం ప్రార్థన నడిపే పని వాడికే అప్పజెప్పారు.

"కళ్ళు మూసుకోండి. నేను ఆమెన్ అనేదాకా తెరిస్తే దోషం!" అన్నాడు ఇన్నాసి.

అందరూ మూసుకున్నారు. గంట 'మ్మ్' అంది. ఆమెన్ వినపడి కళ్ళు తెరిచేసరికి, కోడి ఆగ్నేసమ్మ పిల్లలు ఐదింటిలో ఒకటి లేదు.

రెండో శుక్రవారం ఇంకొకటి లేదు. మూడో శుక్రవారం మరొకటి. నెత్తురు చుక్క లేదు, ఈక లేదు, అరుపు లేదు.

"గాలి చేష్ట చెల్లీ! ఈ పాడుచోట తిరిగే ఆత్మలు పసిపిల్లల్ని పిలుచుకుపోతున్నాయి. ఇంకా గట్టిగా కళ్ళు మూసుకోవాలి మనం" అని అందరికంటే ఎక్కువ ఏడ్చాడు ఇన్నాసి.

"గడ్డి తిని నున్నబడ్డ నక్కని ఇప్పుడే చూస్తున్నాను మరిదీ. ఏ గడ్డో మాకూ చూపించరాదూ?" అంది శౌరమ్మ.

"భక్తి వదినా, భక్తి. నీ ఒంటికి పడదులే."

నాలుగో శుక్రవారం నాలుగోది పోయింది. ఆగ్నేసమ్మకి మిగిలింది ఒక్కటే పిల్ల. నీళ్ళకి తీసుకెళ్తే ప్రార్థనలో పోతుంది. తీసుకెళ్ళకపోతే ఎండకి పోతుంది. దాన్ని రెక్క కింద పెట్టుకుని రాయప్ప దగ్గరికి వచ్చింది.

"తాతా, నాకు పిచ్చెక్కిందేమో చూడు. పోయిన పిల్లలు నాకు వినపడుతున్నాయి. చెలమ దగ్గర కూర్చుంటే చాలు, పక్కనే ఎక్కడో సన్నగా కియ్ కియ్‌మంటున్నాయి."

"కడుపుకోతమ్మా. అలాగే అనిపిస్తుంది" అన్నాడు రాయప్ప తల వంచుకుని.

అప్పుడు చూసింది ఆగ్నేసమ్మ. వంచిన ఆ నుదుట బూడిద జాడ కూడా లేదు.

"నీ విభూది ఏదీ?"

"మూడో రోజుకే చెమటకి పోయింది. ఎవరికి మిగిలింది గనక?"

"ఇన్నాసికి మిగిలింది. వారం వారం ఇంకా నల్లబడుతోంది."

ఎద్దు నెమరు ఆపేశాడు. మట్టల బూడిద ఆ బుధవారమే అయిపోయింది. మరి వాడికి కొత్త బూడిద ఎక్కడిది? ఇద్దరూ బొగ్గుల బట్టీ వైపు చూశారు.

ఐదో శుక్రవారం. ఎండ నిలువునా కాస్తోంది. ఆకు కదలడం లేదు. ఇన్నాసి గొంతు సవరించుకుంటుంటే ఆగ్నేసమ్మ ముందుకు వచ్చింది.

"అన్నయ్యా, ఒక్క మాట. ఉపవాసం ఉన్నవాడు ముఖం కడుక్కోవాలి, పదిమందికీ కనపడేలా ఉండకూడదు అని ఫాదరుగారు చదివేవారట. ఇవాళ అందరం కడుక్కుని మొదలుపెడదాం. మనలో పుణ్యాత్ముడివి నువ్వే, ముందు నువ్వే కడుక్కోవాలి."

ఇన్నాసి వెనక్కి చూశాడు. వెనక రాయప్ప కొమ్ములున్నాయి. ముందు పదిమంది కళ్ళున్నాయి. పొగడ్త తియ్యగానూ ఉంది. "దానికేం చెల్లీ!" అని చెలమలో ముఖం ముంచాడు.

పైపూత కరిగి నీళ్ళు నల్లబడ్డాయి. ముఖం పైకెత్తాడు. నుదుటి మీద మచ్చ మాత్రం అలాగే ఉంది, తడి తగిలి ఇంకా నల్లగా. నీళ్ళ మీద పసుపుపచ్చటి నూగు ఈకలు నాలుగు తేలాయి. కాలి బూడిదైనవి మళ్ళీ ఈకలై తేలడం లోకంలో అదే మొదలు, అదే చివర. కాదన్నవాణ్ణి నా ముందుకు రమ్మనండి.

ఆగ్నేసమ్మ మెడ చాచి, గింజ కనపడితే పిల్లల్ని పిలిచే పిలుపు పిలిచింది.

"కొక్... కొక్... కొక్..."

ఇన్నాసి నోరు మూసే ఉంది. వాడి నుదుటి లోపల్నించి జవాబు వచ్చింది.

"కియ్."

"కియ్."

"కియ్. కియ్."

నాలుగు గొంతులు. తల్లి రెక్క కింద ఉన్న ఐదోది తల బయటపెట్టి తిరిగి పలికింది.

ఇన్నాసి రెండు పంజాలతో నుదురు పట్టుకుని ఊళ పెట్టాడు. రాయప్ప కొమ్ములు దించాడు.

"పొడు తాతా! పేగులు తియ్యి! ఈక మిగల్చకుండా బట్టీలో వేసి కాల్చుకు తిని, ఆ బూడిదే పూసుకున్నాడు, దొంగ భక్తుడు!" అని అరిచింది శౌరమ్మ.

"వద్దు" అంది ఆగ్నేసమ్మ.

"ఇంకా తపస్సు కాలమనా తల్లీ?" అన్నాడు రాయప్ప.

"అదీ ఉంది. కానీ వాణ్ణి చంపితే నా పిల్లలు ఇంకెక్కడ పలుకుతారు?"

రాయప్ప కొమ్ములు పైకెత్తాడు. అందరూ దారి వదిలారు. ఇన్నాసి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పరుగెత్తాడు.

ఆ తర్వాత వాడు చెయ్యని ప్రయత్నం లేదు. బండకేసి నుదురు రాశాడు. వెంట్రుక పోయింది, తోలు పోయింది, గొంతులు పోలేదు. ఏ ఊళ్ళో ఏ గంప పక్కకి పాక్కుంటూ వెళ్ళినా, లోపల ఏదో ఒక తల్లికోడి కొక్ అనడం, వీడి నుదురు కియ్ అని పలకడం, కర్రలు లేవడం. కుందేళ్ళు కూడా ఆ చప్పుడు పోల్చుకుని దూరం నుంచే పారిపోయేవి. ఈస్టరు వచ్చింది, పోయింది. అందరి ఉపవాసాలూ ముగిశాయి. ఇన్నాసిది అప్పుడే మొదలైంది.

ఆగ్నేసమ్మ మాత్రం రోజూ పొద్దు వాలే వేళ అడవి అంచున నిలబడి ఒక్కసారి పిలిచేది. ఎక్కడో చాలా దూరం నుంచి, ఆకలితో తిరుగుతున్న ఒక నుదుటి మీంచి, నాలుగు గొంతులు పలికేవి. అప్పుడు గూటికి వెళ్ళేది.

నోటికి లేని తపస్సు నుదుటికి పూస్తే, ఆ నుదురే సాక్ష్యం చెబుతుంది.